గాయం మానిన తర్వాత మొదలయ్యే పని

(అనంతపురంలో వీధి జంతువులను ఆదుకునే యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఈ ఎండలో ఇంతమంది వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

మీలో చాలామంది రోడ్డు మీద దెబ్బతిన్న కుక్క కనిపిస్తే బండి ఆపేవాళ్లే. ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లు ఉన్నారు. మందుల ఖర్చుకు అడిగితే లేదనకుండా ఇచ్చేవాళ్లకు మన ఊర్లో కొదవ లేదు. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చిన కుక్కను కొన్ని వారాలు ఇంట్లో పెట్టుకునేవాళ్లే దొరకడం లేదు. కాలికి కట్టుతో దాన్ని మళ్లీ రోడ్డు మీద వదల్లేం. దత్తత తీసుకునేవాళ్లు ఆ రోజే దొరకరు. ఈ మధ్య కాలం చూసుకునే ఇంటినే ఫోస్టర్ ఇల్లు అంటున్నాం.

నేను చెప్పదలచుకున్నది మొదటే చెప్పేస్తాను. ఫోస్టర్ చేసేవాళ్లు కుక్కను తమ ఒక్కరికే అలవాటు చేసుకోకూడదు. మనం లేకపోయినా ఇంకో ఇంట్లో ధైర్యంగా బతికేలా దాన్ని తయారు చేయాలి. కాలు సంగతి డాక్టరు చూసుకుంటారు. ఈ రెండో పని చేయడానికి మనం తప్ప ఇంకెవరూ లేరు.

హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మన ఊరి పక్క నుంచే పోతుంది. దాబాల దగ్గర పారేసిన ఎముకల కోసం రాత్రిళ్లు కుక్కలు ఆ రోడ్డు దాటుతుంటాయి. మా ఇంటికి వచ్చిన చుక్క కూడా రాప్తాడు వైపు అట్లా దెబ్బతిన్నదే. ఆడకుక్క, వయసులో ఉన్నది, గోధుమ రంగు ఒళ్లు, నుదుట తెల్ల మచ్చ. వెనక కుడికాలి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఈ కాసేపూ దాన్నే ఉదాహరణగా పెట్టుకుని మాట్లాడతాను.

ముందు రోడ్డు మీద జాగ్రత్తలు. నొప్పిలో ఉన్న కుక్క, రోజూ మీ చేతి అన్నం తినేదైనా సరే, కరవొచ్చు. చున్నీయో తువ్వాలో మూతి చుట్టూ చుట్టి, గడ్డం కింద ఒక ముడి వేసి, కొసలు చెవుల వెనక్కి తెచ్చి కట్టండి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా మూతి కట్టొద్దు. వెన్నుకు దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే చెక్క పలక మీదికి మెల్లగా జరిపి ఎత్తండి. పలక దొరక్కపోతే దుప్పటిని నలుగురూ నాలుగు వైపులా బిగించి పట్టుకోండి. నోట్లో నీళ్లు పోయొద్దు. స్పృహ సరిగా లేనప్పుడు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ఉంది కానీ, అది ముఖ్యంగా పాడి పశువుల కోసం పెట్టిన సేవ. దాని కోసం చూస్తూ కూర్చోకుండా ఆటో కూడా మాట్లాడుకోండి.

రేబిస్ దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. పిచ్చికుక్క అంటే వెంటపడి కరిచేదే అని మన లెక్క. మూలన పడి ఉండే రకమూ ఉంది. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, నీళ్లు మింగలేదు. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అనుకుని మంచి మనసున్నవాళ్లే నోట్లో వేలు పెడతారు. దయచేసి పెట్టొద్దు. దూరంగా ఉంచి డాక్టరుకు చెప్పండి. ఈ పనిలో ఉండాలనుకునే ప్రతి ఒక్కరూ ముందే టీకా వేయించుకోండి. మొదటి రోజు, 7వ రోజు, ఆ తర్వాత 21వ రోజుగానీ 28వ రోజుగానీ, మొత్తం మూడు డోసులు. కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా, కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ముందు టీకా వేయించుకున్నవాళ్లకు కూడా మళ్లీ రెండు డోసులు పడతాయి. కారం, సున్నం, ఆకు పసరు పెట్టొద్దు. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకు మందు లేదు. మీ అమ్మానాన్నలు ఈ పనికి అడ్డం చెప్తున్నారంటే వాళ్ల భయం ఇదే. టీకా వేయించుకున్న చీటీ చూపిస్తే సగం మంది ఒప్పుకుంటారు.

ఇంటికి తెచ్చాక మొదటి ఏర్పాటు, వేరే గది. ఇంట్లో ముందే కుక్కలుంటే కనీసం రెండు వారాలు కలపొద్దు. డిస్టెంపర్, పార్వో లాంటి అంటుజబ్బులు మొదటి రోజుల్లో బయటపడవు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌తో తుడిస్తే పోదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి, ఆరాకే కుక్కను మళ్లీ లోపలికి తేవాలి.

విరిగిన ఎముక అతకడానికి పెద్ద కుక్కల్లో మామూలుగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. పిల్లల్లో ఇంకా త్వరగా అతుకుతుంది. ఇక్కడే మన వాళ్ల జాలి అడ్డం వస్తుంది. నొప్పి తగ్గగానే కుక్క గెంతాలని చూస్తుంది, 'పాపం, ఎన్ని రోజులు కట్టేస్తాం' అని వదిలేస్తారు. ప్లేటు వంగేది, స్క్రూలు ఊడేది అప్పుడే. డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పేదాకా మెట్లు వద్దు, మంచం ఎక్కడం వద్దు, ఇంకో కుక్కతో ఆట వద్దు. మన ఇళ్లల్లో నేలకు కడప బండలు ఉంటాయి. నున్నగా పాలిష్ చేసిన బండ మీద మూడు కాళ్ల కుక్క జారిందంటే మళ్లీ ఆపరేషనే. గోనె సంచులు పరవండి, అంచులు టేపుతో అతికించండి. ఖర్చు లేని పని ఇది.

కట్టును రోజూ చూడాలి, వాసన కూడా చూడాలి. కట్టు కింద వేళ్లు వాచినా, చల్లగా అయినా, చెడు వాసన వచ్చినా రేపటిదాకా ఆగొద్దు. బయటికి తీసుకుపోయేటప్పుడు ప్లాస్టిక్ కవరు తొడిగి, రాగానే తీసేయండి. తీయకపోతే లోపల చెమ్మకు చర్మం నాని పుండు పడుతుంది. పుండు నాకకుండా మెడకు కోన్, అంటే గరాటులాంటి అడ్డు, వేయాలి. కొనలేకపోతే చిన్న ప్లాస్టిక్ బకెట్ అడుగు గుండ్రంగా కోసి, అంచుకు గుడ్డ కుట్టి వేసినా సరిపోతుంది. కోన్ ఉన్న కుక్కకు నీళ్లు వెడల్పు గిన్నెలో పెట్టండి, ఇరుకు గిన్నెలోకి దాని మూతి పోదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. కుక్కకు మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని దారి. రేకుల షెడ్డులో మధ్యాహ్నం పెడితే గాయం కంటే ముందు ఎండే చంపుతుంది.

వానాకాలంలో పుండు మీద ఈగ వాలితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. పైన చిన్న చిల్లే కనిపిస్తుంది, లోపల గుల్ల అయి ఉంటుంది. కిరోసిన్, పెట్రోలు, ఫినాయిల్ పోసేవాళ్లను చూశాను. పురుగుతో పాటు బతికున్న కండ కూడా కాలిపోతుంది. పశువుల డాక్టరు ఇచ్చే స్ప్రే, ఇంజక్షన్ చాలు, తర్వాత ఓపికగా ఏరి శుభ్రం చేయాలి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయొద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా మన లెక్కన వేసేది కాదు. ఏ మందైనా బరువు చూసి డాక్టరు చెప్పాలి.

తిండి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. అన్నమో రాగి సంగటో, ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసేసిన కోడిమాంసం, కొంచెం పెరుగు. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ పెట్టొద్దు. ఉడికిన కోడి ఎముక చీలి గుచ్చుకుంటుంది. పాలు చాలా కుక్కలకు పడవు. ఒంటి మీద రక్తం తాగే గోమార్లను (పిడుదులను) రోజూ వెతకండి. అన్నం మానేసి, జ్వరంతో, చిగుళ్లు తెల్లబారి కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. గోమార్ల జ్వరం మన వైపు కుక్కల్ని చాలా చంపుతోంది, త్వరగా పట్టుకుంటే మందుకు లొంగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

చుక్క మా ఇంటికి వచ్చిన కొత్తల్లో మంచం కింద గోడ వైపు మొహం పెట్టి పడుకునేది. పగలు తినేది కాదు. మేం లైట్లు ఆర్పాక లేచి తినేది. తోక కాళ్ల సందున ముడుచుకుని, చెవులు వెనక్కి వాల్చి, ఎవరు దగ్గరికి వచ్చినా పెదాలు నాక్కునేది. ఆకలేసి నాక్కుంటోందనుకుంటాం, ఆవలిస్తే నిద్రొస్తోందనుకుంటాం. భయపడిన కుక్క కూడా ఆ రెండూ చేస్తుంది. కంటి తెల్లగుడ్డు ఓరగా కనిపించేలా చూస్తుంటే ఇంకా భయంలో ఉన్నట్టు. అప్పుడు చేయి చాపొద్దు.

మేం చేసిందల్లా ఆ గదిలో నేల మీద, దానికి వీపు చూపించి కూర్చుని మా పని మేం చేసుకోవడం. బియ్యం ఏరడం, పేపరు చదవడం, ఫోన్లో మాట్లాడటం. అప్పుడప్పుడూ చూడకుండానే ఒక కోడిమాంసం ముక్క అటు వేయడం. రా రా అని పిలవలేదు. ఒక రోజు అదే వచ్చి మోచేతిని వాసన చూసి పోయింది. అంత దూరం రావడానికి దానికి ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో ఆలోచించండి. ముట్టుకునేటప్పుడు కూడా తల మీంచి చేయి తేవొద్దు. రోడ్డు కుక్కకు పైనుంచి వచ్చే చేయి అంటే రాయో కర్రో. గడ్డం కింద నుంచి, ఛాతీ మీద నుంచి మొదలుపెట్టండి.

గుర్రుమంటే కొట్టకండి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే మంచి కుక్కలు ఇక్కడే పాడవుతున్నాయి. గుర్రుమనడం అంటే 'నాకు భయంగా ఉంది, దూరం జరుగు' అని మర్యాదగా చెప్పడం. దానికి దెబ్బలు పడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం పోదు. రేపు దత్తత ఇంట్లో ఒక పసిపిల్ల తోక తొక్కితే ఆ కుక్క చెప్పకుండానే కరుస్తుంది. అందరూ 'ఉన్నట్టుండి కరిచింది' అంటారు.

భయం పోయాక ఇంకో చిక్కు వస్తుంది. కుక్క ఒక్క మనిషినే అంటిపెట్టుకుంటుంది. ఆ మనిషి పెడితేనే తింటుంది, ఆ మనిషి గది దాటితే ఏడుస్తుంది. చూసేవాళ్లకు అది ప్రేమగా కనిపిస్తుంది, మనకూ కడుపు నిండినట్టుంటుంది. కానీ ఆ కుక్క కొత్త ఇంటికి పోయిన రోజు దాని ప్రపంచం మొత్తం పోతుంది. అందుకే మొదటి నుంచీ పని పంచాం. పొద్దున గిన్నె పెట్టేది మా అత్తగారు, సాయంత్రం తాడు పట్టేది పక్కింటి అబ్బాయి, కట్టు చూసేది నేను. మా అత్తగారు మొదట్లో ఇంట్లోకి కుక్క వద్దన్నారు. కొన్నాళ్లకు ఆమే వచ్చి, "నా కొంగు కనపడితే లేచి నిలబడతాంది, నువ్వు లేకపోయినా తింటాంది" అని చెప్పారు. నాకు అంతకంటే మంచి వార్త లేదు. అప్పుడప్పుడు నమలడానికి ఏదైనా ఇచ్చి కాసేపు ఒంటరిగా కూడా వదలాలి. మొదట తలుపు మూసి వెంటనే తెరవడం, తర్వాత వీధి చివరిదాకా పోయి రావడం, అట్లా మెల్లగా పెంచాలి. ఉద్యోగాలకు పోయే ఇంట్లో ఇదే దాన్ని కాపాడుతుంది.

ఇంటి శబ్దాలు కూడా నేర్పాల్సినవే. కుక్కర్ విజిల్, మిక్సీ, గ్యాస్ సిలిండరు దొర్లించే చప్పుడు, హెల్మెట్ పెట్టుకుని వచ్చే మనిషి. వీధి శబ్దాలు మన వైపు ఇంకా పెద్దవి. పీర్ల పండగ తప్పెట్లు, వినాయకుడి నిమజ్జనం డప్పులు, దీపావళి టపాకాయలు. ఫోన్లో తప్పెట్ల శబ్దం బాగా తగ్గించి పెట్టి, అది వినబడుతుండగా తిండి పెట్టండి. కుక్క తినడం ఆపకపోతే ఇంకో రోజు కొంచెం పెంచండి. తినడం ఆపిందంటే మీరు తొందరపడ్డట్టు. ఎంత నేర్పినా దీపావళి రాత్రి మాత్రం తలుపులు వేసి లోపలే ఉంచాలి. బెదిరి తప్పిపోయే కుక్కలు ఆ రాత్రే ఎక్కువ.

డాక్టరు నడిపించమన్నాక మెల్లగా నడిపించండి. మెల్లగా నడిస్తేనే కుక్క బాగుచేసిన కాలు నేలకు ఆన్చుతుంది. వేగం పెంచితే ఆ కాలు ఎత్తేసి మూడు కాళ్లతో గెంతుతుంది, కండ అట్లాగే సన్నబడిపోతుంది. బయటికి వెళ్లడానికి వేళ పెట్టండి: లేవగానే, తినగానే, పడుకునే ముందు. ఇంట్లో పోస్తే అరవకుండా తుడిచేయండి, బయట పోసినప్పుడు మెచ్చుకుని ఏదైనా పెట్టండి. చెవులు, పాదాలు, నోరు రోజూ కాస్త తాకి అలవాటు చేయండి. రేపు ఇంకో డాక్టరు, ఇంకో ఇల్లు దాన్ని తాకాలి.

ఇక దత్తత. చుక్క కాలు అతికింది కానీ కొంచెం కుంటు మిగిలింది. కొందరు ఆ సంగతి పోస్టులో రాయొద్దన్నారు. నేను రాశాను, నడిచే వీడియో కూడా పెట్టాను. రక్తం కారే ఫోటోలు పెడితే ఫోన్లు ఎక్కువ వస్తాయి, నిజమే. అట్లా జాలిపడి వచ్చినవాళ్లకు గాయం మానిన కుక్క మామూలు కుక్కే అవుతుంది, జాలి అయిపోతుంది. దాని అలవాట్లు రాయండి: పిల్లులను తరుముతుంది, పిల్లలతో మెత్తగా ఉంటుంది, ఉరుముకు భయపడుతుంది, గిన్నె దగ్గర చేయి పెడితే ఒప్పుకోదు. ఈ నాలుగు మాటలు చదివి వెనక్కి తగ్గేవాళ్లు మన ఇంటి గుమ్మం దాకా రాకపోవడమే మంచిది.

మన జిల్లాలో ఎక్కువగా వచ్చే ఫోను చీనీ (బత్తాయి) తోటకు కాపలా కావాలని. తోట అనగానే నేను వద్దనను. తోటలో కాపురం ఉండి, కుక్కను మనిషిలా చూసుకునే రైతులు ఉన్నారు. కానీ అడగాల్సినవి అడుగుతాను. రాత్రి తోటలో మనిషి ఉంటాడా? పగలంతా గొలుసు వేస్తారా? అడవిపందుల కోసం కంచెకు కరెంటు పెడుతున్నారా? మందు కొట్టిన రోజు కుక్క ఎక్కడ ఉంటుంది? పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేయడం, పెంచిన జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరాలే. ఆ మాట నేను బెదిరింపుగా చెప్పను, కాగితం మీద రాసి సంతకం తీసుకుంటాను.

పట్నం ఇంటికైతే ప్రశ్నలు వేరు. అద్దె ఇల్లయితే ఓనరుతో నేనే మాట్లాడతాను. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఒకసారి పోతాను. కుర్రాడు ఉత్సాహంగా అడుగుతాడు, రోజంతా కుక్కతో ఉండేది వాళ్ల అవ్వ. ఆ అవ్వకు ఇష్టమేనా? పిల్లాడు పై చదువుకు బెంగళూరు పోతే ఎవరు చూస్తారు? మన దేశవాళీ కుక్క మంచిగా చూసుకుంటే 12, 15 ఏళ్లు బతుకుతుంది. అన్నేళ్ల లెక్క ఆ ఇంట్లో ఎవరైనా వేశారా అని చూడాలి.

ఆడకుక్క వద్దు, పిల్లలు పెడుతుంది అంటారు. అందుకే ఇచ్చే ముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలి. ఆ ఆపరేషన్ అయిన ఆడకుక్క వెంట మగకుక్కలు గుంపు కట్టవు, గర్భసంచికి చీము పట్టే ప్రమాదమూ ఉండదు. పిల్లకుక్కను ఇస్తుంటే, వయసు వచ్చాక చేయిస్తామని రాయించుకుని, ఆ నెలలో మనమే ఫోన్ చేయాలి. రేబిస్ టీకా, మిగతా టీకాలు వేసిన పుస్తకం కుక్కతో పాటే పోవాలి. వీధి కుక్కలకు ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్తున్నాయి. కాబట్టి బాగై, తన వీధిలో తిండి పెట్టేవాళ్లున్న గట్టి కుక్కకు అదే ఇల్లు, దాన్ని లాక్కొచ్చి దత్తత ఇవ్వక్కర్లేదు. పరుగెత్తి లారీని తప్పించుకోలేని చుక్క లాంటి వాటికే మన వెతుకులాట. దత్తత తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూడటం తీసుకున్నవాళ్ల బాధ్యతేనని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అప్పగించే రోజు కుక్కను మనమే తీసుకుపోవాలి. అది పడుకున్న గుడ్డ ఉతకకుండా ఇవ్వండి, తినే గిన్నె ఇవ్వండి, కొన్నాళ్లు అదే తిండి, అదే వేళ. మెడకు పట్టా, ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీలు), రెండింటికీ తాడు ఉండాలి. కొత్త ఇంట్లో మొదటి రోజుల్లోనే కుక్కలు గేటు సందులోంచి పారిపోతాయి. మెడపట్టాకు ఫోన్ నంబరు రాసి ఉంచండి. మూడు రోజులు బెదురు, మూడు వారాల్లో వేళలు తెలియడం, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకోవడం అని కుక్కలతో పనిచేసేవాళ్లు ఒక అందాజా చెప్తారు. కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ ఇంటివాళ్లకు ఇది ముందే చెప్పాలి, లేకపోతే రెండో రోజే 'తినడం లేదు, తీసుకుపోండి' అని ఫోన్ వస్తుంది.

మొదటి వారాల్లో చూడటానికి పోవద్దు. నాకు ఇదే అన్నిటికంటే కష్టం. చుక్క వెళ్లిన ఇంట్లో ఒక రిటైరైన దంపతులు ఉన్నారు, మెట్లు లేని ఇల్లు. మొదటి రోజు అది గేటు దగ్గరే కూర్చుందని చెప్పారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. మూడో రోజు ఆ ఇంటావిడ పెట్టిన పెరుగన్నం తిని, ఆమె టీవీ చూస్తుంటే కాళ్ల దగ్గర పడుకుందట. నేను ఫోన్లోనే ఉన్నాను, పోలేదు. కుదరకపోతే ఏ రోజైనా, ఏ కారణానికైనా కుక్కను తిరిగి నేనే తీసుకుంటానని మాత్రం రాసిచ్చాను. ఆ మాట ఇవ్వలేనివాళ్లు దత్తత ఇవ్వకూడదని నా అభిప్రాయం. తిరిగి తెచ్చినవాళ్లను తిట్టొద్దు. తిడతామని తెలిస్తే తేరు, ఎక్కడో హైవే మీద దించేస్తారు.

ఇప్పుడు ఆసుపత్రిలో ముందుకాలికి కట్టుతో ఒక మగకుక్క ఉంది. చిన్నది, మెత్తనిది, మనుషులంటే ఇంకా బెదురు. రెండు మూడు రోజుల్లో పంపిస్తామన్నారు. మెట్లు లేని ఒక గది, పగలు ఇంట్లో ఉండే ఒక మనిషి కావాలి. తిండి, మందులు, డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం మా బృందం చూసుకుంటుంది. అట్లాంటి గది ఉన్నవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, సాయంత్రంలోగా నాకు చెప్పండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.